చీమ పలకని రోజులు

"ఈ పొద్దు ఆ బుడ్డదాన్ని గుంత దిక్కు పంపొద్దు పాపా. నాకెందుకో మనసు బాలేదు."

ఓబుళమ్మ ఈ మాట అన్నప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. పొయ్యి మీద ఉగ్గానికి పోపు చిటపటలాడుతోంది. నానిన బొరుగుల్ని ఆమె గుప్పెళ్ళతో పిండి పళ్ళెంలో వేస్తోంది. కూతురు ఇందుమతి గోడ మీది రెండో గడియారాన్ని చూసుకుంటూ జడ అల్లుకుంటోంది. మొదటి గడియారం మన టైముది. రెండోది అంగారకుడిది. అక్కడి రోజు మన రోజుకన్నా దాదాపు నలభై నిమిషాలు పెద్దది కాబట్టి ఇందుమతి డ్యూటీ కూడా దినానికి నలభై నిమిషాలు జరుగుతూ పోయేది. ఒక్కోసారి ఆ ఇంట్లో పొద్దుటి పలహారం దీపాలు పెట్టే వేళకు తినేవాళ్ళు. ఆ రోజు మాత్రం రెండు గడియారాలూ దగ్గరికొచ్చి, డ్యూటీ ఎనిమిదింటికే పడింది.

"నీకు మనసు బాగున్న రోజు ఒకటి చెప్పు మా. క్యాలెండర్లో గుండ్రంగా చుట్టి పెట్టుకుంటా," అంది ఇందుమతి.

"ఎగతాళి చెయ్. మొన్న కుక్కరు మూత గురించి చెప్పినప్పుడు గూడ ఇట్లే నవ్వితివి."

"మూత ఎగిరిందా మరి?"

"ఎగరలేదు. నేను చెప్పబట్టే ఎగరలేదు."

ఇందుమతి నవ్వుతూ రెండు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది. ఓబుళమ్మ గుమ్మంలో నిలబడి, స్కూటీ ఎదురుగా ఉన్న పరిశోధన కేంద్రం గేటు దాటేదాకా చూసి, గేటు దాటాక కూడా కాసేపు చూసి లోపలికి వచ్చింది.

గుంత అంటే ఈ ఊరి గుంత కాదు. తాడిపత్రి అవతల, పాడుబడిన బండల గనుల మధ్య కట్టిన ఆ పరిశోధన కేంద్రంలో అందరి నోటా ఆ నెలంతా ఆ గుంత మాటే. అది అంగారకుడి మీద ఉంది. దాని అంచున దూడంత ఎత్తున్న ఆరు చక్రాల బండి ఉంది, పేరు పథిక. పథికకు ముందు అన్నం క్యారియరంత చిన్న బండి ఒకటి దొర్లుకుంటూ పోతుంది. దాన్ని చీమ అంటారు. చీమ ముందుపోయి నేల తడిమి చూస్తుంది. వెనకనుంచి పథిక "ఎక్కడున్నావ్?" అని అడుగుతుంది. చీమ "ఇక్కడున్నా" అని పలుకుతుంది. పలికాకే పథిక అడుగు వేస్తుంది. అలా రెండూ ఒకదాన్నొకటి పిలుచుకుంటూ రెండు వందల పదమూడు రోజులు నడిచాయి.

ఏ రోజు ఎంత నడిచాయో సాయంత్రానికి ఓబుళమ్మ ఫోనుకు వచ్చేది. ఇందుమతితో పనిచేసే మస్తాన్ పంపేవాడు. "అరవై రెండు మీటర్లు, అమ్మా." "ఈ పొద్దు ముప్పై ఎనిమిదే, రాళ్ళెక్కువ." ఆమె అయిదో తరగతితో బడి మానేసినా అంకెలు బాగా చదువుతుంది. క్వార్టర్ల ముందు కూరగాయలమ్మే ఆమెకు కూడా చూపించేది. "మీ బండి బాగా నడుస్తాందే," అంటే, "నడుస్తాంది, యాడ బోర్లా పడుతుందో ఏమో," అని దిగాలుగా ఇంటికొచ్చేది.

ఆ బండి ఆమెకింత దగ్గరిదవడానికి కారణం ఉంది. పథికలో ఉన్న భయం ఓబుళమ్మది.

మనం ఇక్కడినుంచి "ఆగు" అంటే ఆ మాట అంగారకుడికి చేరడానికి పధ్నాలుగు నిమిషాలు. ఆలోపు బండి పడేది పడిపోతుంది. అందుకని అక్కడికక్కడే భయపడే గుణం ఒకటి బండికి కావాలి. ధైర్యం ఎక్కువైతే బోల్తా కొడుతుంది, అనుమానం ఎక్కువైతే కదలదు. ఎంత కావాలో అంతే భయపడి, మళ్ళీ అడుగు వేసే మనిషెవరని వెతికితే, ఇందుమతికి వాళ్ళమ్మే కనిపించింది. ఓబుళమ్మ తాడిపత్రి గనుల్లో పద్దెనిమిదేళ్ళు బండలు మోసింది. మొగుడు పుల్లన్న బండల వరుస జారి చనిపోయినప్పుడు ఇందుమతి తొమ్మిది నెలల పిల్ల. ఆ పిల్లను సాకడానికి మళ్ళీ ఆ గనుల్లోకే దిగింది. అన్నేళ్ళలో ఒక్కసారి కాలు జారలేదు.

రెండేళ్ళపాటు ఆమె ఎదకు ఒక పట్టీ కట్టారు, నుదుటికి చిన్న కెమెరా తగిలించారు. కేంద్రం వెనక ఉన్న పాతగనుల్లో ప్రతి మెట్టూ, ప్రతి అంచూ నడిపించారు. దారి గుర్తుకోసం ఇందుమతి ఎర్రజెండా పట్టుకుని ముందు నడిచేది, ఓబుళమ్మ వెనక. ఎక్కడ కన్ను నిలిచింది, ఎక్కడ కాలు ఆగింది, ఎక్కడ గుండె ఎగిరింది, అంతా పట్టీ రాసుకుంది. దాన్నంతటినీ అరచేతంత పలకలోకి ఎక్కించి బండిలో పెట్టారు. జంకు పలక అన్నారు దాన్ని. అది ఆగమంటే బండి ఆగాల్సిందే. భూమి నుంచి ఎవరు ఏ ఆజ్ఞ పంపినా దాన్ని దాటి పోలేదు. కేంద్రానికి అదే గొప్ప.

"నా భయాన్ని ఆకాశానికెక్కిస్తివి గదమ్మా," అని ఓబుళమ్మ ఆ రోజు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ వెంటనే, "అంత ఎత్తునుంచి పడితే?" అని కూడా అంది.

ఆ మధ్యాహ్నం ఆమె క్యారియరు తీసుకుని కేంద్రానికి వెళ్ళింది. అద్దం ఇవతల బెంచీ మీద కూర్చోవడానికి ఆమెకు అనుమతి ఉంది. లోపల పెద్ద తెర మీద గుంత అంచు కనబడుతోంది, ఎండిన పసుపు రంగులో. చీమ అంచు దాటి కిందికి దిగుతోంది. దాని చక్రాల గీతలు రెండు జడపాయల్లా ఇసకలో పడుతున్నాయి. తర్వాతి బొమ్మ చీమ కెమెరాది, ఇసక వాలు. ఆ తర్వాతి బొమ్మలో ఆకాశం పక్కకు ఒరిగి ఉంది. ఆ తర్వాత బొమ్మ రాలేదు.

తెర అడుగున ఒకే అక్షరాల వరస మాత్రం మళ్ళీ మళ్ళీ పైకి పాకుతోంది. మస్తాన్ బయటికి వచ్చినప్పుడు ఓబుళమ్మ అడిగింది.

"అదేంది నాయనా, అట్ల వస్తానే ఉండాది?"

"పథిక పిలుస్తాందమ్మా. చీమను."

"పలికిందా?"

మస్తాన్ తల అడ్డంగా ఊపాడు. సాయంత్రం ఫోనుకు వచ్చిన అంకె, సున్నా.

మర్నాడు సున్నా. ఆ మర్నాడూ సున్నా. నాలుగోరోజు అంకె పంపడానికి మస్తాన్‌కు చేతులు రాలేదేమో, ఓబుళమ్మే ఫోను చేసింది. "ఏం పంపల్లమ్మా, అదే," అన్నాడతను.

అక్కడ చలికాలం దగ్గర పడుతోంది. ఉత్తరం పక్క మూడు వందల మీటర్ల దూరంలో ఎండ తగిలే వాలు ఉంది. ఇరవై రెండు రోజుల్లో పథిక అక్కడికి చేరి ఎండకు సోలార్ పలకలు ఒరిగించి పడుకుంటే చలి గడుస్తుంది. చేరకపోతే బ్యాటరీ గడ్డకట్టి ఇంక లేవదు. ఇందుమతి వాళ్ళు గుంత వైపు కాకుండా చదును నేల మీదుగా దారి గీసి పంపారు. పథిక తిరగలేదు. ఇంకో దారి పంపారు. అదీ వినలేదు. వాలును చూసి జడుసుకుని, జంకు పలక బిగదీసుకుపోయిందన్నారు. డైరెక్టరు వైదేహి మేడం అందరి ముందూ, "భయం కొలత తప్పాం ఇందుమతీ," అంది. కోపంగా కూడా అనలేదు. ఇందుమతిని బాధపెట్టింది అదే.

ఆరో రోజు ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడింది. ఓబుళమ్మ మజ్జిగ గ్లాసు చేతికిస్తూ, "చలికి దానికి ఏమన్నా కప్పేదానికి ఉండాదా పాపా?" అని అడిగింది.

"నువ్వూరుకోమా!" అని అరిచింది ఇందుమతి. గ్లాసు తొణికి మజ్జిగ ఓబుళమ్మ చీర మీదా నేల మీదా పడింది. "నీ భయమే దాన్ని చంపుతాంది. నేనెట్ల పెరిగినానో ఇప్పుడది అట్ల నిలబడుకోనుండాది. బడి వెనకాల వంకలో అందరూ ఈత నేర్చుకుంటే నేను గట్టు మీద. కాలేజీలో టూరంటే వద్దు. బస్సెక్కితే వద్దు. ముప్పై ఏండ్లు నాకు అడ్డం పడింది చాలక ఇప్పుడు దానికీ..."

ఓబుళమ్మ గుడ్డ తెచ్చుకుంది. కింద కూర్చుని మజ్జిగ తుడిచింది. నిజమేనేమో అనిపించింది ఆమెకు. తన భయం ఎన్నడూ ఎవరినీ కాపాడలేదు. పుల్లన్నను కూడా ఆ పొద్దు పోవద్దనే అంది. రోజూ అనే మాటే కాబట్టి అతను వినకుండా పోయాడు.

తొమ్మిదో రోజు మస్తాన్ జీపు తెచ్చాడు. భయం ఎక్కడ ఎక్కువైందో మళ్ళీ కొలవాలన్నాడు. పాతగని దగ్గర ఓబుళమ్మ ఎదకు పట్టీ కట్టాడు. ఇందుమతి దూరంగా, తల్లి మొహం చూడకుండా నిలబడింది.

"అమ్మా, ముందు మీరొక్కరే నడవండి. ఆ మూడో మెట్టు మీదికి పోవద్దు, కదులుతాంది."

ఓబుళమ్మ చెప్పులు విడిచి నడిచింది. రెండో మెట్టు అయిపోయింది. మూడోదాని మీదికి కూడా వెళ్ళింది. బండ ఊగింది. ఆమె కాలు కొంచెం ఇవతలికి వేసి దాటేసింది. మస్తాన్ చేతిలోని ట్యాబ్ మీద గుండె లెక్క డెబ్బై నాలుగు దగ్గరే ఉంది. అతను ట్యాబ్‌ను తట్టి చూశాడు, పాడైందేమోనని.

"భయం కాలేదామ్మా? అంత ఊగింది!"

"ఊగే బండకు భయమెందుకు నాయనా? ఊగుతాందని కాలికి తెలుస్తాది, పక్కకేస్తాము."

మస్తాన్ గడ్డం గోక్కున్నాడు. "ఇందూ, అప్పట్లో నడిచినట్లే నడుద్దాం. నువ్వు ముందుకు పో."

ఇందుమతి జెండా అందుకుని ముందుకు నడిచింది. ఒక పెద్ద బండ మలుపు తిరిగి కనబడకుండా పోయింది. చదునైన నేల అది, గడ్డి కూడా మొలిచి ఉంది. ట్యాబ్ మీద అంకె తొంభై దాటింది. నూట పది. నూట ముప్పై ఒకటి. ఓబుళమ్మ నిలబడిపోయింది.

"ఇందూ! ఒకసారి బయటికి రా!" అని కేకేశాడు మస్తాన్. ఇందుమతి బండ వెనకనుంచి వచ్చింది. అంకె దిగింది. "మళ్ళీ పో." అంకె ఎక్కింది. మూడుసార్లు అలాగే చేయించాడు. ఆఖరికి ట్యాబ్ తెచ్చి ఇందుమతి చేతిలో పెట్టి పక్కకు జరిగాడు.

ఇందుమతి చూసింది. ఆ రెండేళ్ళలో కొలిచిన ప్రతి నడకలోనూ తను ముందుంది, జెండా పట్టుకుని. ఒక్కనాడు కూడా అమ్మను ఒంటరిగా నడిపించలేదు. దారి తప్పుతుందని, ఎండలో విసుగొస్తుందని, మాట్లాడుతూ నడవొచ్చని. పట్టీ రాసుకున్నది బండల భయం కాదు.

"అయితే అది వాలుకు భయపడతా లేదు," అన్నాడు మస్తాన్ నెమ్మదిగా.

"భయపడతాందని ఎవరన్నారు?" అంది ఓబుళమ్మ. "కాచుకోనుండాది. బుడ్డది లోపలికి పోయి పలక్కపోతే, దాన్నిడిసిపెట్టి ఎట్ల వస్తాది?"

"నీకు ముందే తెలుసా? తెలిసి చెప్పలేదామా?"

"నన్నెవరడిగినారు పాపా? చదువుకున్నోళ్ళు మీరంతా. మీకు తెలిసే ఉంటాదనుకుంటి."

ఇందుమతి బండ మీద కూర్చుండిపోయింది. "ఆ పొద్దు నిన్ను అన్న మాటలు..." అని మొదలుపెట్టింది.

"ఎండ పడతాంది, నెత్తిన కొంగేసుకో," అంది ఓబుళమ్మ.

ఆ తర్వాత రెండు రోజులు కేంద్రంలో ఒకటే చర్చ. పన్నెండో రోజు రాత్రి ఇందుమతి డ్యూటీకి వెళ్ళకుండా వంటింటి గడప మీద కూర్చుంది. పదకొండు గంటలకల్లా ఆజ్ఞ పంపితే తప్ప ఆ రోజుకు అందదు. ఫోను పక్కనే పెట్టుకుంది.

"ఒక దారుంది మా. అంగారకుడి చుట్టూ తిరిగే యంత్రం ఒకటుంది కదా, దాన్నుంచి చీమ గొంతుతో పథికకు జవాబు పంపొచ్చు. 'గుంతలోంచి బయటపడినా, ఉత్తరం పక్క ఎండలో ఉండా, రా' అని. నమ్ముతాది. వెంటనే కదులుతాది. మేడం సరే అంది. అందరూ సరే అన్నారు."

"మరింకేం?"

"నొక్కేది నేను. నిన్న నా చెయ్యి పోలేదు." ఇందుమతి మోకాళ్ళ మీద గడ్డం ఆనించింది. "అందులో ఉండేది నీ మనసు మా. నన్ను వెతికే మనసు. దానికి అబద్ధం చెప్పాల. నిన్నడక్కుండా ఎట్ల చెప్పేది?"

ఓబుళమ్మ చేతిలోని చిక్కుడుకాయలు పళ్ళెంలో పెట్టింది.

"బుడ్డది బతికుండేదానికి ఏమాత్రం లేదా?"

"లేదు మా. ఇసకలో పూడిపోయింది. రెండో రోజుకే దాని బ్యాటరీ అయిపోయుంటాది."

"ఆ ఎండ కాడికి పోయినంక? ఆడ బుడ్డది ల్యాకపోతే మళ్ళీ అడగదా?"

"అడుగుతాది. 'ఇంకొంచెం ముందరుండా' అని చెప్పాల. రోజూ చెప్పాల."

"ఎన్నాళ్ళు?"

"అది నడిచినన్నాళ్ళు."

"చెప్పకపోతే?"

"ఆడే, గుంత అంచునే. చలికి."

ఓబుళమ్మ గోడకు ఆనుకుంది. రోడ్డు మీద బండల లోడుతో ట్రాక్టరు వెళ్తే గిన్నెల స్టాండు సన్నగా అదిరి ఊరుకుంది. పది దాటింది. ఫోను మోగింది. మస్తాన్. ఇందుమతి తీయలేదు. ఓబుళమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ వంటింట్లో ఉన్న దేన్నీ చూడటం లేదు. ఇందుమతి "మా" అని ఒకసారి పిలిచింది. ముప్పై ఒక్క ఏళ్ళలో అమ్మ ఇంతసేపు మాటాడకుండా ఉండటం ఆమె చూడలేదు. ఏదో ఒకటి వద్దనే మనిషి, జాగ్రత్త అనే మనిషి. పొయ్యి మీద ఎసరు మరిగి మరిగి సగానికి వచ్చింది. ఇందుమతి లేచి పొయ్యి ఆర్పి మళ్ళీ వచ్చి కూర్చుంది. ఫోను ఇంకోసారి మోగి ఆగిపోయింది. పదకొండుకు పది నిమిషాలుంది.

"మీ నాయన మీద బండలు జారిన పొద్దు," అంది ఓబుళమ్మ, "నేను సద్ది తీసుకోని పోయింటి. నువ్వు చంకలో ఉండావు. వాన పడతాంది. అంచున నిలబడుకోని పిలిచినా, పిలిచినా, గొంతు పోయేదాకా. ఎవరు లాగినా కదల్లేదు. అప్పుడు మేస్త్రి సుంకన్న వచ్చి, 'పుల్లన్న పలికినాడు ఓబుళమ్మా, ఆ పక్కనుంచి పైకి తీసి ఆస్పత్రికి తీసుకపోయినారు, పాప తడుస్తాంది, ఇంటికి పో' అన్న్యాడు. నమ్మితి. నడుచుకుంటా ఇంటికొస్తి, నీకు పొడి గుడ్డలేస్తి. సందేళ చెప్పినారు నిజం. మీ నాయన చివరి చూపుకు గూడ నన్ను లేకుండా చేసినాడని ఆ మనిషి మొగం మళ్ళీ చూడలేదు నేను. ఎదురైతే సందు మారి పోతి. ఆయప్ప చచ్చిపోతే గూడ పోలేదు."

ఇందుమతికి నాయన పోయిన సంగతి తెలుసు. ఇది ఎవరూ చెప్పలేదు.

"మనం ఇల్లు చేరినంక, నేను నిలబడిన అంచు గూడ జారిపాయనంట పాపా. అంతా."

ఆమె చేతులు పళ్ళెం కోసం తడుముకుని, దొరకక, కూతురి పాదం మీద ఆగాయి.

"పలికిందని చెప్పు."